మార్పుల చిట్టా

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్‌లో ‘ఎట్సీ’ అనే డైరెక్టరీ ఉంటుంది. ఆ యంత్రానికి ఎవరిని లోనికి రానివ్వాలో, ఏ సేవను ఏ విధంగా అందించాలో తెలిపే అమరిక ఫైళ్లు చాలావరకు అందులోనే ఉంటాయి. ఇవి మామూలుగా చదివి దిద్దుకోదగిన ఫైళ్లే. అయితే ఒక్క అక్షరం తారుమారైనా సేవ నిలిచిపోవచ్చు.

ఈ ఫైళ్లను దిద్దే చేతులు రెండు. ఒకటి నిర్వాహకునిది, మరొకటి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను నవీకరించే ప్రోగ్రాముది. డెబియన్ వ్యవస్థలో సాధారణంగా నిర్వాహకుడు తాకని ఫైలును కొత్త ప్యాకేజీ అడగకుండానే మార్చివేస్తుంది. ఇరువురూ మార్చిన ఫైలు ఎదురైతే, పాతదానిని ఉంచాలా, కొత్తదానిని తీసుకోవాలా అని ప్రశ్నిస్తుంది. అర్ధరాత్రి వేళ పదుల కొద్దీ ప్యాకేజీలను నవీకరిస్తున్న మనిషి ఆ ప్రశ్నకు ఎంత శ్రద్ధగా సమాధానమిస్తాడో ఊహించవచ్చు. తెల్లవారి మెయిల్ సేవ పనిచేయకపోతే, ఏ ఫైలు మారిందో, ఎవరు మార్చారో జ్ఞాపకం మీద ఆధారపడి వెదకవలసి వస్తుంది.

ఈ చిక్కును తీర్చడానికి జోయీ హెస్ 2007లో ‘ఎట్సీకీపర్’ అనే ఉపకరణాన్ని రూపొందించాడు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో సృష్టించిన ‘గిట్’ వంటి వ్యవస్థలో ఇది ఎట్సీ డైరెక్టరీ చరిత్రను భద్రపరుస్తుంది. దీని నేర్పంతా నమోదు చేసే సమయంలో ఉంది. నవీకరణ మొదలు కాకముందే ఒకసారి, ముగిసిన వెంటనే మరొకసారి ఇది తనంతట తానే నమోదు చేస్తుంది. నిర్వాహకుడు వారం క్రితం ఒక ఫైలును దిద్ది, నమోదు చేయడం మరచిపోయాడనుకుందాం. ఆ దిద్దుబాటు మొదటి నమోదులో చేరుతుంది. కాబట్టి రెండవ నమోదులో నవీకరణ తెచ్చిన మార్పులే మిగులుతాయి. మారిన ప్యాకేజీల పేర్లూ అక్కడే కనిపిస్తాయి. మనిషి చేసినదేదో, ప్యాకేజీ చేసినదేదో విడివిడిగా తెలుస్తుంది. నమోదు కాని మార్పులుంటే నవీకరణనే ఆపివేసేటట్లు కూడా దీనిని అమర్చుకోవచ్చు. మతిమరుపు గల నిర్వాహకునికి ఆ కట్టడి మేలే.

గిట్‌ను నేరుగా వాడవచ్చు కదా అనే సందేహం సహజం. గిట్ ఫైలులోని విషయాన్ని దాచుతుంది గాని, దాని యజమాని ఎవరో, దానిని ఎవరెవరు చదవవచ్చునో పూర్తిగా గుర్తుంచుకోదు. ఖాళీ డైరెక్టరీలనైతే లెక్కలోకే తీసుకోదు. ఎట్సీలో ‘షాడో’ అనే ఫైలు ఉంది. సంకేతపదాల గూఢరూపాలు అందులో ఉంటాయి కనుక సాధారణ వినియోగదారులకు దానిని చదివే అనుమతి ఉండదు. గిట్ నుండి మాత్రమే తిరిగి తెచ్చుకుంటే, అది అందరూ చదవగల ఫైలుగా రావచ్చు. అందుకే ఎట్సీకీపర్ అనుమతుల వివరాలను వేరొక ఫైలులో వ్రాసిపెట్టి, అవసరమైనప్పుడు వాటిని పునరుద్ధరిస్తుంది.

ఈ చరిత్ర అంతా ఎట్సీలోనే దాగి ఉంటుంది. డిస్కు చెడిపోతే ఫైళ్లతోపాటు చరిత్రా పోతుంది. మరొక యంత్రంలో ప్రతిని ఉంచుకోవచ్చు. అయితే షాడో ఫైలు కూడా ఆ ప్రతిలో చేరుతుంది. ఆ రెండవ యంత్రాన్ని సైతం మొదటిదానితో సమానంగా కాపాడవలసి ఉంటుంది.