‘సేవ చేద్దామని సార్’

మాక్ ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుని ‘ఈ ఉద్యోగమే ఎందుకు?’ అని అడిగినప్పుడల్లా ఇదే జవాబు వింటుంటాను. "ఎవరికి, ఏం సేవ బాబూ?" అంటే నీళ్లు నములుతారు. అబద్ధమాడుతున్నారని కాదు. మన ఇళ్లలో సర్కారీ కొలువంటే నాన్న అప్పు తీరడం, చెల్లి పెళ్లి, ఊళ్లో పరువు. ఆ బరువుతో వచ్చినవాడికి సేవ గురించి విడిగా ఆలోచించే తీరికెక్కడిది?

ఈ సేవాభావాన్ని సిద్ధాంతంగా మలిచింది అమెరికాలో జేమ్స్ పెర్రీ, లోయిస్ వైజ్. అది 1990లో. ఆరేళ్లకు పెర్రీ దానికి కొలబద్దా తయారుచేశారు: విధాన రూపకల్పన మీద ఆసక్తి, ప్రజాహితం, కరుణ, త్యాగం. 2013లో వెలువడిన ఓ అధ్యయనం ఈ సేవాభావాన్నే 12 దేశాల్లో పరీక్షించింది. తేలిందేమంటే, ప్రశ్న ఒకటే అయినా దేశాన్నిబట్టి, భాషనుబట్టి దాని అర్థం మారిపోతోంది.

దక్షిణ కొరియానే చూడండి. సియోల్‌లోని నోర్యాంగ్‌జిన్ మన హైదరాబాద్ అశోక్‌నగర్‌కు పెద్దన్న. కోచింగ్ సెంటర్లు, మంచం పడితే నిండిపోయే గదులు, బండి దగ్గర నిలబడి కప్పులో అన్నం తినేసి మళ్లీ క్లాసుకు పరుగు. 1997 ఆర్థిక సంక్షోభంలో కంపెనీలు జనాన్ని రోడ్డున పడేశాక సర్కారు ఉద్యోగం మీద మోజు మరీ పెరిగింది. దాన్ని వాళ్లు ‘ఇనప అన్నం గిన్నె’ అంటారు. 2011లో తొమ్మిదో గ్రేడు, అంటే అట్టడుగు మెట్టు ఉద్యోగాల పరీక్షకు పోస్టుకు 93 మంది పోటీపడ్డారు. 2024కల్లా అది 22 దగ్గరికి పడిపోయింది.

గిన్నె ఇంకా గట్టిగానే ఉంది. కానీ తక్కువ జీతం, ఫోన్లో తిట్టే అర్జీదారులు, అన్నిటికీ మించి ఆఫీసులో హోదాల దొంతర. కొన్ని కార్యాలయాల్లో కిందివాళ్లు వంతులేసుకుని, సొంత డబ్బుతో పైఅధికారికి భోజనం పెట్టిస్తారు. దానికో పేరు కూడా ఉంది, ‘పెద్దలకు మర్యాద చేసే రోజు’ అని! 2024లో ప్రభుత్వమే దీనిమీద సర్వే చేయించింది. పెద్దల్ని గౌరవించడం అక్కడి సంస్కృతే. కానీ రాత్రింబవళ్లు చదివి నెగ్గిన కుర్రవాడికి అది జేబుకు చిల్లుగా కనిపిస్తే ఆశ్చర్యమేముంది? సార్ టూరుకొస్తే లంచ్ బిల్లు ఎవరు కడతారో మనకూ తెలియనిదేం కాదులెండి.

జర్మనీ లెక్క వేరు: భద్రతకు బదులుగా ఓ హక్కు వదులుకోవాలి. అక్కడి శాశ్వత అధికారులకు జీవితాంతం భద్రత ఉంటుంది, సమ్మె హక్కు ఉండదు. ఆ హోదాలో ఉన్న టీచర్లకూ అంతేనని 2018లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది.

సివిల్స్‌కు చదువుతున్న మీ సంగతికొద్దాం. సివిల్స్ ఎథిక్స్ పేపరుకు 250 మార్కులు. నోట్సు కాసేపు పక్కనపెట్టి, ఓ సోమవారం కలెక్టరేటులో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. పాలిథిన్ కవర్లో పాస్‌బుక్ జిరాక్సులు పట్టుకుని వచ్చిన ముసలాయనకు ఎవరో "వచ్చే సోమవారం రా" అంటారు. ఆ క్షణంలో మీకు చిరాకు ఎవరిమీద వచ్చిందో, ఆయనమీదో ఆ మాటమీదో, ఇంటికొచ్చి దాచకుండా రాసుకోండి. బోర్డు ముందు చెప్పాల్సిన జవాబు ఆ కాగితంలోంచే తీయండి.