కోర్టు వదిలినా ఇంటర్నెట్ వదలని పేరు
ఆన్‌లైన్ న్యాయ రికార్డులు, మరపు హక్కు: బస్తర్ నేపథ్యంలో ఒక అధ్యయనం

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర 2017 ఏప్రిల్ 24న జరిగిన మావోయిస్టు దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ కేసులో చుట్టుపక్కల గ్రామాల ఆదివాసీలను పెద్ద సంఖ్యలో అరెస్టు చేశారు. 2022 జూలైలో ప్రత్యేక ఎన్‌ఐఏ కోర్టు 121 మందిని నిర్దోషులుగా ప్రకటించింది. దాడితో వారికి సంబంధం ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది. అప్పటికే వారిలో చాలామంది ఐదేళ్లదాకా జైల్లో గడిపారు.

తీర్పుతో కేసు ముగిసింది. కానీ కేసులోని పేరు అంత త్వరగా పోదు. నిర్దోషిగా బయటికి వచ్చిన మనిషి రేపు బ్యాంకు మిత్రగానో, స్వయం సహాయక సంఘ సభ్యురాలి భర్తగానో, ట్రాక్టర్ రుణం కోసమో మన శాఖకు రావచ్చు. కంప్యూటర్‌లో పేరు కొట్టి చూసే మన ఉద్యోగికి ముందు ఏది కనబడుతుంది, ఆరోపణా, తీర్పా? ఈ ప్రశ్న బస్తర్‌కే పరిమితం కాదు. సరిహద్దు దాటి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు వంటి జిల్లాల్లో స్థిరపడిన గుత్తికోయ కుటుంబాలకు సేవలందించే మన శాఖలకూ ఇది వర్తిస్తుంది.

రికార్డు ఎక్కడెక్కడ ఉంటుంది?

మొదటిది ప్రభుత్వ ఈ-కోర్ట్స్ వేదిక. జిల్లా కోర్టుల కేసులను కక్షిదారు పేరుతో గానీ, 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరుతో గానీ అందులో వెతకవచ్చు. రెండోది హైకోర్టులు, సుప్రీంకోర్టు వెబ్‌సైట్లు. మూడోది 2008లో మొదలైన ఇండియన్ కానూన్ వంటి ప్రైవేటు న్యాయ డేటాబేస్‌లు. కోర్టు ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప తీర్పును తిరిగి ప్రచురించడం ఉల్లంఘన కాదని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. అందువల్ల ఈ డేటాబేస్‌లు చేస్తున్నది చట్టబద్ధమైన పనే. పేద కక్షిదారుకు, మారుమూల న్యాయవాదికి ఉచితంగా తీర్పులు దొరుకుతున్నది వీటివల్లే.

చిక్కు మరోచోట ఉంది. బెయిల్ కోసం హైకోర్టుకు వెళ్లినప్పుడు వచ్చే ఉత్తర్వులో పోలీసుల ఆరోపణ అంతా రాసి ఉంటుంది. అది డేటాబేస్‌లో చేరిపోతుంది. కొన్నేళ్ల తరువాత నిర్దోషి అని చెప్పే తీర్పు వచ్చేది కింది కోర్టులో. చాలా సందర్భాల్లో ఆ తీర్పు ఈ ఉత్తర్వు పక్కన కనబడదు. కథలో మొదటి సగమే లోకానికి మిగులుతుంది.

చట్టం ఎంతవరకు వచ్చింది?

తన పాత వివరాలను లోకం మరచిపోవాలని కోరే హక్కును ఇంగ్లీషులో ‘రైట్ టు బి ఫర్‌గాటెన్’ అంటారు. మనం మరపు హక్కు అందాం. 2014 మే 13న యూరోపియన్ న్యాయస్థానం గూగుల్ కేసులో దీన్ని గుర్తించింది. మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన తరువాత ఈ వాదనకు బలం వచ్చింది.

అయితే హైకోర్టులు ఒకే దారిలో నడవలేదు. తీర్పును ఆన్‌లైన్‌లో ఉంచకుండా ఆపాలన్న అభ్యర్థనను 2017లో గుజరాత్ హైకోర్టు తోసిపుచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, మాదకద్రవ్యాల కేసులో నిర్దోషిగా తేలిన వ్యక్తి తీర్పు సెర్చ్‌లో కనబడకుండా చూడాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. బహిరంగ విచారణ మన న్యాయవ్యవస్థకు పునాది కాబట్టి నడుస్తున్న కేసుల్లో మరపు హక్కు కోరలేరని 2022 డిసెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. కుటుంబ, వైవాహిక వివాదాల్లో మాత్రం కక్షిదారులు కోరితే వివరాలు ప్రచురించరాదని అంది.

మద్రాసు కేసు అన్నిటికంటే ముఖ్యం. 2014లో హైకోర్టు నిర్దోషిగా తేల్చిన ఒక వ్యక్తి, ఆ తీర్పులో తన పేరు తొలగించాలని కోరాడు. 2021లో ఏక సభ్య ధర్మాసనం కుదరదంది. 2024 ఫిబ్రవరి 27న డివిజన్ బెంచ్ ఒప్పుకుని, ఇండియన్ కానూన్ ఆ తీర్పును తీసేయాలని ఆదేశించింది. అదే ఏడాది జూలై 24న సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 వచ్చింది కదా అనిపించవచ్చు. దాని 12వ సెక్షన్ డేటా తుడిపివేతను కోరే హక్కు ఇస్తుంది. కానీ చట్టం ప్రకారం బహిరంగపరచిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. కోర్టులు తమ న్యాయవిధుల్లో వాడే డేటాకూ మినహాయింపులున్నాయి. కాబట్టి తీర్పుల విషయంలో దీనివల్ల ఒరిగేది తక్కువ.

అత్యాచార బాధితులు, పోక్సో కేసుల్లోని పిల్లలు, జువెనైల్ జస్టిస్ చట్టం కిందికి వచ్చే పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని మాత్రం చట్టమే స్పష్టంగా నిషేధించింది. ఇక్కడ వేరే చర్చ లేదు.

పేర్లలో ఉన్న ప్రమాదం

బస్తర్‌లోనూ, మన ఏజెన్సీలోనూ కోయ, గోండు కుటుంబాల ఇంటిపేర్లు కొన్నే: మడకం, మడివి, సోడి, కుంజం, కొవ్వాసి, పొడియం. హిడ్మా, దేవా, జోగా, భీమా, హుంగా వంటి పేర్లు ఊరూరా ఉంటాయి. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవారు ఒక్క మండలంలోనే పలువురు ఉండవచ్చు. దీనికితోడు హిందీలో రాసిన పేరు ఇంగ్లీషులోకి, అక్కడినుంచి తెలుగులోకి వచ్చేసరికి మూడు రూపాలవుతుంది. పేరు ఒక్కటే చూసి నిర్ణయిస్తే, కేసు ఒకరిది, శిక్ష మరొకరిది అవుతుంది.

చెరిపేస్తే సరిపోతుందా?

తీర్పును మొత్తం మాయం చేస్తే నిర్దోషి అన్న రుజువూ దానితోనే పోతుంది. 121 మంది ఐదేళ్లు జైల్లో ఉండి నిరపరాధులుగా తేలారన్నది ప్రజలకు తెలియవలసిన విషయం. ఆ రికార్డు లేకపోతే వ్యవస్థను ప్రశ్నించడానికి ఆధారం మిగలదు. అందుకే నడిమి దారి మేలు: తీర్పు పాఠం అలాగే ఉండాలి, పేరు చోట అక్షరం వేయాలి, పేరుతో వెతికితే అది రాకూడదు.

మన ఇంటిలోనే ఒక పోలిక ఉంది. క్రెడిట్ రిపోర్టులో తప్పుపై ఫిర్యాదు వస్తే 30 రోజుల్లో సరిచేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పు రికార్డుకు గడువు, పరిహారం ఉన్నాయి. కోర్టు రికార్డులోని పేరుకు అలాంటి గడియారం ఇంకా లేదు.

శాఖలో పాటించదగినవి

1. పేరు కలిసిందని ఆగిపోకండి. తండ్రి పేరు, ఊరు, వయసు, కేసు నంబరు సరిపోల్చండి.

2. కేసు నిజంగా ఆ వ్యక్తిదే అయితే, సీఎన్ఆర్ నంబరుతో ఈ-కోర్ట్స్‌లో తుది ఫలితం చూడండి. బెయిల్ ఉత్తర్వు తీర్పు కాదు.

3. ఉపా చట్టం 51ఎ సెక్షన్ కింద చూసే జాబితాలు వేరు, ఒకరిపై కేసు నడవడం వేరు. జాబితాలో పేరు కలిస్తే నిర్ణీత విధానం పాటించాలి. పాత కేసును ఆ జాబితాతో సమానం చేయకూడదు.

4. ఆర్థికంగా, సామాజికంగా వెనుకబడినవారికి సేవలు నిరాకరించే సాధనంగా ఖాతాదారుల అంగీకార విధానం మారకూడదని రిజర్వ్ బ్యాంక్ కేవైసీ నిర్దేశం చెబుతోంది. తిరస్కరించవలసి వస్తే కారణం ఫైలులో రాయండి.

5. ఖాతాదారు అడిగితే దారి చూపండి: తీర్పు సర్టిఫైడ్ కాపీ భద్రపరచుకోవాలి. ఈ-కోర్ట్స్‌లో ఫలితం తప్పుగా ఉంటే ఆ కోర్టులోనే దరఖాస్తు చేయాలి. పేరు తొలగింపునకు హైకోర్టులో రిట్ వేయాలి. షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. హెల్ప్‌లైన్ 15100.

6. ఉద్యోగ దరఖాస్తులో కేసుల వివరం అడిగితే, నెట్‌లో కనబడకపోయినా నిజం చెప్పాలి. దాచినందుకే చర్య తీసుకునే అధికారం యజమానికి ఉందని, అయితే కేసు స్వభావాన్ని, ఫలితాన్ని బేరీజు వేయాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది.

సుప్రీంకోర్టు ముందున్న మద్రాసు వ్యవహారంలో తుది మాట వచ్చినప్పుడు దేశమంతటికీ ఒక కొలమానం దొరుకుతుంది. అది వచ్చేదాకా కొంత పని మన కౌంటరు దగ్గరే జరగాలి. పేరు వెతికిన చేయి తీర్పునూ వెతికితే, ఐదేళ్లు పోగొట్టుకున్న మనిషికి ఒక ఖాతా, ఒక రుణం, ఒక జీవనోపాధి దక్కుతాయి.