ఇల్లు కట్టే సేవ: దివిసీమ నేర్పిన పాఠం

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. కలిగినవారికే ఇల్లు కట్టడం అంత కష్టమైతే, రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబాల సంగతి చెప్పనక్కరలేదు. మన హాస్టళ్లలో చదివినవాళ్లం, చదువుతున్నవాళ్లం ఎందరమో తాటాకు కప్పు కింద నుంచి వచ్చాం. మన అమ్మానాన్నల్లో చాలామంది మచిలీపట్నంలోనో, గుడివాడలోనో ఇటుకలు మోసి, మాలు కలిపి ఊరివాళ్ల మేడలు నిలబెట్టినవారే. అందుకే పేదల ఇళ్లు కట్టే స్వచ్ఛంద సేవ గురించి మనం అందరికంటే బాగా తెలుసుకోవాలి.

దివిసీమలో జరిగింది

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. కనీసం 10,000 మంది చనిపోయారు. సొర్లగొంది వంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. గాలి తాటాకు కప్పులను లేపేసింది. నీరు మట్టిగోడలను కరిగించింది. మండలి వెంకటకృష్ణారావు గారు బాధితుల మధ్యే ఉండి సహాయ కార్యక్రమాలు నడిపారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు సేకరించారు. రామకృష్ణ మిషన్, కాసా వంటి సంస్థలు, ఆర్.ఎస్.ఎస్. స్వయంసేవకులు ఇళ్లు కట్టించే పనికి పూనుకున్నారు. ఇచ్చిన బియ్యం నెలరోజులు వస్తుంది, కట్టిన ఇల్లు ఒక తరాన్ని కాపాడుతుంది. 1979లో రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ కూడా ఏర్పడింది.

దానం కాదు, భాగస్వామ్యం

1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మిల్లార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు 'హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ' అనే సంస్థను స్థాపించారు. మన దేశంలో అది 1983లో మొదలైంది ఖమ్మంలోనే. ఆ సంస్థ మూలసూత్రాలు మూడు: లాభం చూసుకోకుండా ఇల్లు కట్టడం, ఇంటివాళ్లు కూడా పనిలో చేయి వేయడం, వాళ్లు వాయిదాలుగా తిరిగి కట్టే డబ్బుతో మరొకరికి ఇల్లు లేపడం. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 2006లో మహారాష్ట్రలోని లోనావాలా దగ్గరకు వచ్చి, వాలంటీర్లతో కలిసి స్వయంగా పనిచేశారు. 95 ఏళ్ల వయసులోనూ ఆయన ఆ సేవ మానలేదు. తన చెమట కలిసిన ఇంట్లో పేదవాడు తలెత్తుకుని ఉంటాడు. ఈ పద్ధతిలో గొప్పతనం అదే.

మన నేలలో గుర్తుంచుకోవలసినవి

1. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. పైపై పునాది వేస్తే గోడలు బీటలు వారతాయి. పునాది ఎంత లోతు, ఏ రకం అనేది ఇంజనీరును అడిగే తేల్చుకోవాలి.

2. నాగాయలంక, కోడూరు వైపు ఉప్పునీరు ఎక్కువ. ఆ నీటితోగాని, సముద్రపు ఇసుకతోగాని కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పుపడుతుంది. కొన్నేళ్లకు శ్లాబు పెచ్చులూడుతుంది.

3. సిమెంటు పనిని కనీసం 7 రోజులు తడుపుతూ ఉండాలి. ఖర్చులేని ఈ పనిలో బద్ధకిస్తే ఇల్లు బలహీనపడుతుంది.

4. తుఫాను గాలి కప్పును పైకి లాగుతుంది. కప్పును గోడకు, గోడను పునాదికి గట్టిగా బంధించాలి.

5. ఎంత మంచి ఇల్లయినా ఉప్పెనను ఆపలేదు. హెచ్చరిక వినగానే ఇల్లు వదిలి తుఫాను షెల్టరుకు చేరాలి. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గర పెద్ద తుఫాను తీరం దాటింది. ముందే లక్షలాది మందిని తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యిలోపే ఉంది.

మనం చేయగలిగింది

పద్దెనిమిదేళ్లు నిండని తమ్ముళ్లు, చెల్లెళ్లు పరంజా ఎక్కకూడదు, బరువులు మోయకూడదు, యంత్రాల దగ్గరకు పోకూడదు. కాని తాపీ కంటే మన చేతిలోని కలం కొన్ని ఇళ్లకు ఎక్కువ అవసరం. స్థలం పట్టా ఎవరి పేరున ఉందో, రేషన్ కార్డులో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకేలా ఉందో చూసిపెట్టాలి. ఒక్క అక్షరం తేడాతో బిల్లు ఆగిపోయి, గోడలు బేస్‌మట్టం దగ్గరే నిలిచిపోయిన ఇళ్లు మన కాలనీల్లోనే కనిపిస్తాయి. చదువురాని అవ్వకు అర్జీ రాసిపెట్టడం కూడా ఇల్లు కట్టడమే.

పెద్దవాళ్లయిన పూర్వ విద్యార్థులకు మా మనవి ఒకటి. మీలో ఇంజనీర్లున్నారు, మేస్త్రీలున్నారు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లున్నారు. సెలవుల్లో ఒక రోజు మీ ఊరి కాలనీలో సగంలో ఆగిన ఒక ఇంటి దగ్గర నిలబడండి. ఎందుకు ఆగిందో అడగండి. పునాది చూడాలంటే ఇంజనీరు, కాగితం చూడాలంటే గుమాస్తా, గోడ లేపాలంటే మేస్త్రి మనలోనే ఉన్నారు. సాయం చేశాక ఇంటివాళ్లను నిలబెట్టి ఫొటోలు మాత్రం తీయకండి. ఆ ఇల్లు వాళ్లది, మనం పనికి వచ్చినవాళ్లం.

మన తల్లిదండ్రులు కూలికి ఊరందరి ఇళ్లు కట్టారు. చదువుకున్న మనం కూలి అడగకుండా మనవాళ్ల ఇళ్లు పూర్తి చేయిద్దాం.