పాత పడవను కొనుటకు ముందు

దెబ్బతిన్న పడవ చవుకగా దొరికినప్పుడు, బాగుచేసికొని వాడుకొందమని మనకు ఆశ పుట్టును. అయితే కట్టబూనువాడు ముందుగా లెక్క చూచుకొనవలెనని లూకా 14వ అధ్యాయములో ప్రభువు నేర్పెను.

1986వ సంవత్సరమున గలిలయ సముద్రపు నీరు తగ్గగా, సుమారు ప్రభువు కాలమునాటి చేపల పడవ యొకటి బురదలో బయలుపడెను. దాని పొడవు సుమారు 27 అడుగులు. పలకలు చాలమట్టుకు దేవదారువి, లోపలి చట్టములు సింధూరపుకొయ్యవి. అయినను అతుకులకు వాడిన కొయ్యలతో కలిపి దానిలో 12 జాతుల కొయ్య కలదు. అడుగుదూలములో సహితము పాత పడవ ముక్క యున్నది. పలుమారులు బాగుచేసి, కడపట పనికివచ్చు కొయ్యను ఊడదీసికొని, మిగిలినదానిని విడిచిపెట్టిరి. బాగుచేయుటకు ఒక సమయము, విడుచుటకు ఒక సమయము కలదని వారెరుగుదురు.

మనమును పైరంగును చూడక, మొదట అడుగుదూలమును చూతము. కత్తిమొన మెత్తగా దిగినను, సుత్తితో తట్టగా బోలుగా మ్రోగినను, లోపల కుళ్లున్నదని అనుమానింపవలెను. ఒకటి రెండు పలకలు చెడినయెడల మార్చవచ్చును. దూలమును చట్టములును చెడినయెడల, క్రొత్త పడవకు కావలసినంత పని పడవచ్చును.

కొనువెల, కొయ్య, మేకులు, వడ్రంగి కూలి, పని ముగియువరకు మానుకొను వేట, ఇవన్నియు కాగితముమీద కూడుదము. అప్పుచేసి కొన్న పడవ సగము పనితో ఒడ్డున నిలిచిపోవచ్చును గాని, వడ్డీ నిలువదు. పిల్లల అన్నము ఆ లెక్కలోనే యున్నదని మరువకుందము.