‘గ్యారిసన్’ – ఒక సైనిక పదం పుట్టుపూర్వోత్తరాలు

కోటలోగాని, పట్టణంలోగాని రక్షణార్థం స్థిరంగా నిలిపి ఉంచిన సైన్యాన్ని ఆంగ్లంలో ‘గ్యారిసన్’ అంటారు. దండెత్తి సాగిపోయే సేనకు ఈ పేరు చెల్లదు. ఆశ్చర్యమేమంటే, ఈ పదం పుట్టినప్పుడు అందులో సైనికులే లేరు.

ప్రాచీన ఫ్రెంచిలో ‘గరిసోన్’ అంటే రక్షణ, జీవనానికి కావలసిన సామగ్రి, స్వస్థత. దీనికి మూలం జర్మానిక్ భాషల్లోని ‘వర్యన్’. అడ్డుకొను, కాపాడు అని అర్థం. వకారం ఫ్రెంచిలో గకారం కావడం పరిపాటి. ఆంగ్లంలోని ‘వార్’ అక్కడ ‘గేర్’. ఆంగ్లంలో మొదట నిధికీ రక్షణకూ పేరైన ఈ మాట, తరువాత కోటకూ, 15వ శతాబ్దిలో కోటలోని సైనికులకూ పేరైంది. ఈ చివరి మార్పునకు ‘గార్నిసోన్’ అనే మరో ఫ్రెంచి పదం తోడ్పడింది. దాని మూలక్రియకు సన్నద్ధం చేయు, సమకూర్చు అని అర్థం. కూరపై కొత్తిమీర చల్లి చేసే ‘గార్నిష్’ కూడా ఆ క్రియ సంతానమే!

నేటి ఫ్రెంచిలో ‘గెరిజోన్’ అంటే జబ్బు నయం కావడం. సేనకూ వైద్యానికీ పొత్తేమిటని తెలుగువారు విస్తుపోనక్కరలేదు. ‘వర్యన్’ను భాషాశాస్త్రజ్ఞులు సంస్కృతంలోని ‘వృ’ ధాతువుకు జ్ఞాతిగా భావిస్తారు. ఆవరణ, నివారణ పదాలు ఆ ధాతువు నుంచి వచ్చినవే. శత్రు నివారణ, రోగ నివారణ అని మనమూ రెంటికీ ఒకే మాట వాడుతున్నాం.

సామగ్రి అన్న పాత అర్థం మాత్రం తెలుగునేలకు చాలా ఖరీదైనది. 1798 నాటి ఒడంబడికతో ఈస్టిండియా కంపెనీ సేనను భరించడానికి నిజాం అంగీకరించాడు. ఆ సేన హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన విడిసింది. దాని ఖర్చుల కింద 1800లో కడప, బళ్ళారి ప్రాంతాలు కంపెనీ పరమయ్యాయి. అవే దత్తమండలాలు. రక్షణ పేరిట వచ్చిన సేనకు రాజ్యంలోని భాగమే గ్రాసమైంది.

ఆ విడిది చుట్టూ పెరిగిన ఊరికి 1806లో సికందర్ జా పేర సికింద్రాబాదు అని నామకరణం జరిగింది. జనం నోట మాత్రం అది ‘లష్కరు’. ఫారసీలో లష్కర్ అంటే సేన. ఆంగ్లంలో కోట పేరు సేనకు ఎక్కగా, ఇక్కడ సేన పేరే ఊరికి ఎక్కింది. కంపెనీ అంతరించినా, ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళికి జరిగే జాతర నేటికీ లష్కరు బోనాలే.