సోలార్ ప్లాంటుకు భూమి ఇస్తున్నారా? ముందు రేటు కాగితం చదవండి
సబ్సిడీ నిబంధన మారితే కరెంటు ఉత్పత్తిదారుకు ఏమవుతుంది? రైతు తెలుసుకోవాల్సిన సంగతులు

సాగుకు పనికిరాని మిట్ట భూమిలో సోలార్ పలకలు పెట్టి, కరెంటు తయారు చేసి, డిస్కంకు అమ్ముకోవచ్చని ఈ మధ్య ఊరూరా మాట వినపడుతోంది. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో 'ఎ' భాగం ఇందుకే పెట్టారు. రైతు ఒక్కడే పెట్టుకోవచ్చు, పదిమంది కలిసి సంఘంగా పెట్టుకోవచ్చు. చేతిలో పెట్టుబడి లేకపోతే భూమిని కంపెనీకి కౌలుకు ఇవ్వొచ్చు.

వినడానికి బాగానే ఉంది. అయితే ఈ వ్యాపారంలో వానకంటే, ఎండకంటే ముందు చూడాల్సింది సర్కారు నిబంధన. వేరుశనగ ధర ఈ ఏడు పడిపోతే వచ్చే ఏడు కంది వేసుకుంటాం. సోలార్ ప్లాంటు అట్లా కాదు. ఒకసారి పెడితే 25 ఏళ్లు అదే పంట, కొనేవాడు ఒక్కడే. అందుకని రేటు ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పుడు మార్చగలరు అన్నది రైతు ముందే తెలుసుకోవాలి.

సబ్సిడీ మూడు దారుల్లో వస్తుంది

మొదటిది పెట్టుబడి మీద వచ్చేది. సామాను ధరలో కొంత సర్కారు భరించడం, లేదా పన్నులో రాయితీ ఇవ్వడం. రెండోది యూనిట్ మీద వచ్చేది. తయారు చేసిన ప్రతి యూనిట్‌కూ ఇన్ని పైసలని కలిపి ఇవ్వడం. మూడోది రేటు. ఫలానా ధరకు డిస్కం కొనాలని విద్యుత్ నియంత్రణ మండలి ముందే ఖరారు చేయడం.

ఈ మూడూ ఎప్పుడూ ఒకేలా ఉండవు. గాలిమరల సంగతే చూడండి. ఒకప్పుడు గాలిమర పెట్టిన కంపెనీ దాని ఖరీదులో 80 శాతం మొదటి ఏడాదే తరుగుదల కింద చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకునేది. 2012 ఏప్రిల్‌లో ఈ వెసులుబాటు తీసేశారు. 2011-12లో దేశంలో సుమారు 3,200 మెగావాట్ల గాలిమరలు కొత్తగా వస్తే, మరుసటి ఏడు వచ్చినవి సుమారు 1,700 మెగావాట్లే. 2014లో రాయితీ మళ్లీ ఇచ్చారు. 2017 ఏప్రిల్ నుంచి దాన్ని 40 శాతానికి తగ్గించారు. యూనిట్‌కు 50 పైసల చొప్పున ఇచ్చే ప్రోత్సాహకం కూడా ఆ మార్చితోనే ఆగిపోయింది. కొనుగోలు పద్ధతి కూడా వేలంపాటకు మారింది. 2016-17లో దాదాపు 5,500 మెగావాట్లు వచ్చిన చోట 2017-18లో రెండు వేలు కూడా రాలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇలాంటి మార్పు కొత్తగా పెట్టబోయేవాడి మీద పడుతుంది. అతను లెక్క వేసుకుని, గిట్టదనుకుంటే ఆగిపోవచ్చు. ఇప్పటికే అప్పు చేసి ప్లాంటు పెట్టేసినవాడి రేటు మీద చెయ్యి పడితేనే అసలు ఇబ్బంది. అట్లాంటివి మన రాష్ట్రంలోనే రెండు జరిగాయి.

మొదటి అనుభవం: పొట్టు, పుల్లలతో కరెంటు

ఉమ్మడి రాష్ట్రంలో 1997లో సర్కారు ఒక జీవో ఇచ్చింది. వరి పొట్టు, పత్తి కట్టె, సర్కారు తుమ్మ వంటివి కాల్చి కరెంటు తయారు చేసేవారికి యూనిట్ రూ.2.25, దాని మీద ఏటా 5 శాతం పెంపు అన్నారు. దాన్ని నమ్ముకుని చాలామంది ప్లాంట్లు పెట్టారు. అయితే ఈ రాయితీలను మూడేళ్ల తర్వాత మళ్లీ పరిశీలిస్తామన్న మాట కూడా అందులో ఉంది.

ఆ మాటే తర్వాత ముఖ్యమైంది. 2004 మార్చిలో నియంత్రణ మండలి ఆ ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త రేటు ప్రకటించింది. ఉత్పత్తిదారులు గిట్టదని కోర్టుకెక్కారు. 2010 జులైలో సుప్రీంకోర్టు, కొనుగోలు రేటు నిర్ణయించే అధికారం మండలికి ఉందని చెప్పి, ఉత్పత్తిదారుల వాదన విని మళ్లీ తేల్చమని పంపింది. అప్పటికే ఆరేళ్లు గడిచాయి. ప్లాంటుకు గిట్టకపోతే పొట్టుకూ కట్టెకూ మంచి ధర ఎక్కడ పెట్టగలదు? ఆ బరువు చివరికి అమ్మే రైతు దాకా వస్తుంది.

రెండో అనుభవం: 2019

రాష్ట్ర ప్రభుత్వం 2019 జులై 1న జీవో ఇచ్చి, పాత గాలిమర, సోలార్ ఒప్పందాల రేట్లు తగ్గించేందుకు కమిటీ వేసింది. గాలిమర కరెంటు యూనిట్ రూ.2.43, సోలార్ రూ.2.44కు దించుకోవాలని అదే నెలలో ఉత్పత్తిదారులకు లేఖలు వెళ్లాయి. గాలిమరల్లో రూ.4.84 రేటున్న ఒప్పందాలు కూడా ఉన్నాయి. అంటే సగానికి సగం కోత.

ప్రభుత్వం వాదన కూడా వినాలి. సోలార్, గాలిమర సామాను చవకైంది, కొత్త వేలాల్లో తక్కువ రేటుకే కరెంటు దొరుకుతోంది, పాత రేట్లతో డిస్కంలు నష్టపోతున్నాయి అన్నారు. ఉత్పత్తిదారులు మాత్రం, మేము అప్పు తెచ్చింది పాత రేటు చూసే కదా అన్నారు.

2019 సెప్టెంబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం, విషయం తేలేదాకా రూ.2.43, రూ.2.44 చొప్పునే చెల్లించమంది. 2022 మార్చి 15న డివిజన్ బెంచి దాన్ని కొట్టేసింది. ఒప్పందంలో ఉన్న రేటే ఇవ్వాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని ఆదేశించింది.

రెంటికీ తేడా ఎక్కడుందో చూశారా? మొదటిదాంట్లో మళ్లీ పరిశీలిస్తామని కాగితంలోనే రాసి ఉంది. రెండోదాంట్లో ఒప్పందకాలానికి రేటు ఖరారై ఉంది. కాగితం గట్టిగా ఉన్నవారు చివరికి నిలబడ్డారు. కాకపోతే రెండున్నరేళ్లు పట్టింది. పెద్ద కంపెనీ రెండున్నరేళ్లు తట్టుకోగలదు. నాలుగెకరాల రైతుకు ఆరు నెలల కిస్తీ తప్పినా బ్యాంకు నోటీసు వస్తుంది.

మన లెక్క ఎంత?

ఒక మెగావాట్ ప్లాంటుకు సుమారు నాలుగైదు ఎకరాలు కావాలి. ఏడాదికి ఉజ్జాయింపుగా 16 లక్షల యూనిట్లు వస్తాయి. తెలంగాణలో 2025లో కుసుమ్ 'ఎ' ప్లాంట్లకు ఇచ్చిన రేటు యూనిట్‌కు రూ.3.13. ఆ లెక్కన ఏడాదికి సుమారు 50 లక్షల రాబడి. ఇందులోనే బ్యాంకు కిస్తీ, కాపలా, పలకలు కడగడం, మరమ్మతు అన్నీ పోవాలి. రేటు 10 పైసలు తగ్గిందంటే ఏడాదికి లక్షా 60 వేలు పోయినట్టే. డిస్కం మూడు నెలలు డబ్బు ఆపితే పన్నెండున్నర లక్షలు ఇరుక్కుపోతాయి.

డిస్కం ఎందుకు ఆపుతుంది? మన బోర్లకు ఇచ్చే ఉచిత కరెంటు సొమ్ము సర్కారు డిస్కంకు కట్టాలి. అది ఆలస్యమైతే డిస్కం చెల్లింపులూ ఆలస్యమవుతాయి. అంటే బోరు దగ్గర మనకు అందే సబ్సిడీకీ, ప్లాంటు దగ్గర మనకు రావాల్సిన బిల్లుకూ లంకె ఉంది. 2022 జూన్‌లో కేంద్రం ఆలస్యపు చెల్లింపుల మీద నిబంధనలు తెచ్చి, పాత బకాయిలను వాయిదాల్లో తీర్చే దారి చూపింది.

కుసుమ్ 'ఎ'లో అపోహలు

ఈ పథకం కింద యూనిట్‌కు 40 పైసలు కేంద్రం ఇస్తుందని విని, అది మనకే అనుకునేవారున్నారు. కాదు. అది డిస్కంకు, అదీ మొదటి అయిదేళ్లే. మెగావాట్‌కు ఏడాదికి రూ.6.60 లక్షలు మించదు. ప్లాంటు ఖరీదు మీద రైతుకు సబ్సిడీ 'ఎ' భాగంలో లేదు. సబ్సిడీతో వచ్చే సోలార్ పంపుసెట్లు 'బి' భాగం కిందివి. రెండూ కలిపి చెప్పే దళారులను నమ్మొద్దు.

పన్నులూ మారుతుంటాయి. సోలార్ సామాను మీద జీఎస్టీ 5 శాతం ఉండేది. 2021 అక్టోబరులో 12 శాతమైంది, 2025 సెప్టెంబరులో తిరిగి 5 శాతానికి వచ్చింది. పథకం గడువు కూడా మొదట 2022 దాకా అని, తర్వాత 2026 మార్చి దాకా పొడిగించారు. కాబట్టి మీరు దరఖాస్తు పెట్టే రోజున ఏ నిబంధన అమల్లో ఉందో డిస్కం కార్యాలయంలో కాగితం మీద చూసుకోవాలి.

సంతకానికి ముందు అడగాల్సినవి

1. రేటు 25 ఏళ్లకూ ఖరారేనా? 'పరిశీలిస్తాం', 'సవరిస్తాం' అన్న మాట ఒప్పందంలో ఎక్కడైనా ఉందా?

2. ఏటా పెంపు ఉందా? లేకపోతే ఇరవయ్యో ఏడు కూడా అదే రేటు. కాపలావాడి కూలి మాత్రం పెరుగుతుంది.

3. మధ్యలో పన్ను లేదా చట్టం మారితే ఆ భారం ఎవరిది? దీనికి ఒప్పందంలో విడిగా ఒక నిబంధన ఉండాలి.

4. బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు? ఆలస్యమైతే వడ్డీ ఎంత?

5. చెప్పిన తేదీకి ప్లాంటు మొదలు కాకపోతే జరిమానా ఎంత? రేటు తగ్గుతుందా?

6. కంపెనీకి కౌలుకు ఇచ్చేవారు, డిస్కం నుంచి కంపెనీకి డబ్బు వచ్చినా రాకపోయినా కౌలు కట్టాలని రాయించుకోవాలి. కౌలు సొమ్మును కంపెనీకి రావాల్సిన దాంట్లోంచి డిస్కమే నేరుగా రైతు ఖాతాలో వేసే వీలు కుసుమ్ మార్గదర్శకాల్లో ఉంది. అది అడిగి తీసుకోండి.

7. మీ భూమిని కంపెనీ తాకట్టు పెట్టకూడదని రాయించండి.

సన్నకారు రైతు ఒంటిగా కోట్ల అప్పుకు దిగడం మంచిది కాదు. నలుగురైదుగురు కలిసి సంఘంగా పెట్టుకోండి, లేదా కౌలుతో సరిపెట్టుకోండి. ఎట్లా చేసినా ఉన్న భూమంతా పలకల కిందికి పోనీయకుండా తిండి గింజలకు కాస్త ఉంచుకోండి. ఒప్పందం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివించుకుని, తెలిసిన వకీలుకు ఒకసారి చూపించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఒక నకలు ఇంట్లో భద్రంగా దాచుకోండి. నిబంధన మారిన రోజున మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.