ముద్ర చూడండి, మాట తర్వాత

కలెక్టరేట్ మెజిస్టీరియల్ సెక్షన్‌లో ఆయుధ లైసెన్సుల ఫైళ్లు చూసి చూసి రిటైరైనవాణ్ణి. ఎస్‌బీఎంఎల్ అంటే మూతి నుంచి మందు కూరే ఒంటిగొట్టం తుపాకి. ఎస్‌బీబీఎల్ అంటే వెనక నుంచి తూటా పెట్టే ఒంటిగొట్టం తుపాకి. ఈ పొడి అక్షరాల వెనక ఉన్న వస్తువుల మీద మోజు నాకు అక్కడే పట్టుకుంది. ముఖ్యంగా ఒకసారికి ఒక్క తూటా మాత్రమే పట్టే పాత రైఫిళ్ల మీద. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, టెక్కలి, మందస వైపు పాత దివాణాల్లోనూ, అక్కడ కొలువు చేసినవాళ్ల ఇళ్లలోనూ ఇలాంటివి ఇప్పటికీ బయటపడుతుంటాయి. సేకరిస్తామంటూ ఈమధ్య కుర్రవాళ్లు వచ్చి అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేవే వరసగా రాస్తున్నాను.

1. "ఖాళీదే" అన్న మాట నమ్మకండి

మందు కూరిన తుపాకిని గోడకి తగిలించి మరిచిపోయిన ఇళ్లున్నాయి. పంది కోసం కూరారు, పంది రాలేదు, కూరినాయన కాలం చేశాడు. తడి తగలకపోతే నల్ల తుపాకిమందు ఏళ్లు గడిచినా చావదు. అందుకే తుపాకి చేతికి రాగానే మూతిని మనుషులు లేని వైపు తిప్పండి. గుర్రం (వెనక కొట్టే సుత్తి) మీద, మీట మీద వేలు పెట్టకండి. సన్నటి చెక్క పుల్లని గొట్టంలో అడుగుదాకా మెల్లిగా దించి, మూతి దగ్గరికి వచ్చినచోట గుర్తు పెట్టండి. పుల్ల బయటికి తీసి, ఆ గుర్తు మూతి దగ్గర ఉండేలా గొట్టం పక్కన ఆనించి చూడండి. పుల్ల కొన వెనకనున్న నిప్పు రంధ్రం దాకా వస్తే గొట్టం ఖాళీ. రెండు మూడు వేళ్ల ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టు. అది బయటికి తియ్యడం మీ పని కాదు. లైసెన్సున్న డీలర్ చేతనో, పోలీసు ఆర్మరర్ చేతనో తీయించాలి. వెనక నుంచి తూటా పెట్టే రైఫిలైతే ముందు వెనక తెరిచి చూసి, ఖాళీ అని తేలాకే మిగతా పరీక్ష.

2. కథను రాసుకోండి, కాలాన్ని మాత్రం తుపాకి మీదే వెతకండి

మన జిల్లాల్లో ప్రతి పాత తుపాకీ బొబ్బిలి యుద్ధం నాటిదే. "మా ముత్తాత పట్టిన తుపాకి బావూ, పాపారాయుడి కాలం నాటిది" అని ఒక పెద్దాయన నా ముందు పెట్టింది స్నైడర్ రైఫిల్. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. అప్పటి తుపాకులు మండే వత్తితోనో, చెకుముకి రాయి రాపిడితోనో పేలేవి. గుర్రం కింద నలిగి నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీలు వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలో. ఆయన తుపాకి వెనక భాగంలో పక్కకి తెరుచుకునే మూత ఉంది. అది స్నైడర్ పద్ధతి, బ్రిటిష్ సైన్యం దాన్ని తీసుకున్నది 1866లో. యుద్ధానికీ ఆ తుపాకికీ మధ్య నూరేళ్లకి పైగా తేడా.

అంతమాత్రాన ముత్తాత కథ అబద్ధమని కాదు. కథ ఒక తుపాకిది, చేతిలో ఉన్నది ఇంకొకటి అయి ఉండొచ్చు. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ కథకి, కుడి పేజీ తుపాకి మీద కనిపించినదానికి కేటాయించండి. రెండింటినీ కలపకండి. అల్లూరి సీతారామరాజు పట్టిన తుపాకి అంటూ వచ్చేవాటికీ ఇదే పద్ధతి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో ఆయన దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి పట్టుకెళ్లినవి పోలీసు తుపాకులు. పోలీసు తుపాకి అంటున్నప్పుడు సర్కారు ముద్ర కనిపించాలి కదా.

3. పళ్లు చూడనిదే ఎద్దుని కొనరు

సంతలో ఆ మాత్రం జాగ్రత్త పడేవాళ్లు పాత తుపాకి దగ్గర ఎందుకు కళ్లు మూసుకుంటారో తెలియదు. తుపాకిని పగటి వెలుతురులో కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి, చేతిలో భూతద్దం ఉండాలి. సైన్యానికి చేసిన మార్టినీ హెన్రీ రైఫిలైతే కుడిపక్క ఇనుము మీద కిరీటం, దాని కింద విక్టోరియా రాణి పేరుకి వి.ఆర్. అక్షరాలు, తయారైన చోటు, సంవత్సరం వరసగా ఉంటాయి. గొట్టం మీద పరీక్ష ముద్రలుంటాయి. ఎక్కువ మందు పెట్టి పేల్చి, గొట్టం తట్టుకుంటేనే ఆ ముద్ర కొట్టేవారు. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813 నుంచి ఉంది, లండన్‌ది అంతకన్నా పాతది.

దొరలు, జమీందార్లు కొన్నవాటి మీద అమ్మిన దుకాణం పేరు కూడా ఉంటుంది. కలకత్తా మాంటన్ కంపెనీ, రోడ్డా కంపెనీ పేర్లు గుర్తుపెట్టుకోండి. 1914 ఆగస్టులో బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లు మాయం చేసింది ఈ రోడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోంచే.

దొంగ ముద్రలూ ఉన్నాయి. ఖైబర్ కనుమ వైపు కమ్మర్లు మార్టినీలను చేత్తో అచ్చుగుద్దినట్టు చేసేవారు. ఇంగ్లిషు రాకుండా ముద్ర చెక్కడంతో అక్షరం తలకిందులైపోయేది, ఎన్ అనే అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడేది. అలాంటిది దొరికితే పారెయ్యకండి, దాని చరిత్ర దానికుంది. అసలైన ఎన్‌ఫీల్డ్ కర్మాగారపు సరుకు ధర మాత్రం ఇవ్వకండి.

4. గొట్టం లోపలి చాళ్లలో రాజకీయం ఉంది

ఖాళీ అని తేలాక వెనక తెరిచి, అవతలి మూతి దగ్గర తెల్లకాగితం పెట్టి గొట్టంలోకి చూడండి. మెలికలు తిరిగిన చాళ్లు కనిపిస్తే అది రైఫిల్. ఆ మెలికే గుండుని గిర్రున తిప్పి సూటిగా పంపుతుంది. మార్టినీ హెన్రీలో ఏడు చాళ్లుంటాయి. ఆ చాళ్ల పద్ధతి ఎడింబరో వాసి అలెగ్జాండర్ హెన్రీది, వెనక లీవరు యంత్రం మార్టినీది. రెండు పేర్లూ కలిపి 1871లో సైన్యంలోకి తెచ్చారు.

చాళ్లు లేకుండా గొట్టం నున్నగా ఉంటే అరిగిపోయిందని తీర్మానించెయ్యకండి. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలు మన సిపాయిలకి కావాలనే నునుపు గొట్టాల తుపాకులిచ్చారు. తర్వాత కూడా తెల్ల సిపాయి చేతిలో మార్టినీ ఉంటే మన సిపాయికి స్నైడర్, వాళ్లకి లీ మెట్‌ఫర్డ్ వచ్చాక మనవాళ్లకి మార్టినీ. ఎప్పుడూ ఒక మెట్టు కిందే. ఇషాపూర్ కర్మాగారంలో లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను .410 నునుపు గొట్టాలుగా మార్చి, తూటాల పెట్టె ఉండే చోట చెక్క దిమ్మ బిగించి, ఒక్కొక్క తూటా మాత్రమే పట్టేలా చేసి పోలీసులకిచ్చారు. ఆ చెక్క దిమ్మ చూస్తే పరాయి పాలకుడి అపనమ్మకం ఎంతటిదో అర్థమవుతుంది.

5. గురి రైఫిల్‌ని దాని సైట్లు చెబుతాయి

వేటకీ యుద్ధానికీ చేసినవి ఒక రకం, పందెంలో గురి కొట్టడానికి చేసినవి ఇంకో రకం. గురి రైఫిల్ గొట్టం బరువుగా ఉంటుంది. కంటికి దగ్గర చిన్న చిల్లున్న నిలువు పలక, దాన్ని వెంట్రుకవాసి కదిపే మర, పక్కన గీతల కొలత ఉంటాయి. అందులోంచి చూస్తే లక్ష్యం తప్ప ఇంకేమీ కనిపించదు.

ఈ రైఫిళ్లకి ప్రపంచమంతా పేరు తెచ్చింది 1874 సెప్టెంబర్ 26న న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మోర్‌లో ఐర్లండుకీ అమెరికాకీ జరిగిన పందెం. 800, 900, 1000 గజాల దూరాలు. ఐర్లండువాళ్లు రిగ్బీ కంపెనీ మూతి తుపాకులతో, అమెరికావాళ్లు వెనక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లతో దిగారు. ఐర్లండు జట్టులో ఒకాయన గుండు సరిగ్గా నడిమధ్య కొట్టాడు, కాకపోతే పక్క బోర్డుకి. దానికి సున్నా వేశారు. చివరికి అమెరికా 934, ఐర్లండు 931.

మన దగ్గర క్రీడ్‌మోర్ రైఫిల్ కోసం తిరగకండి. సైన్యం వదిలిన మార్టినీలు, బీఎస్ఏ కంపెనీ చిన్న .22 మార్టినీలు దొరికితే అదృష్టం. ఎన్‌సీసీలో .22 పట్టినవాళ్లకి తూటాల పెట్టె లేకుండా ఒక్కొక్క తూటా వేలితో పెట్టుకోవడం తెలిసిన సంగతే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్‌కి కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనూ ఒకసారికి ఒక్క గుండే.

6. మెరిపించకండి

ఇచ్ఛాపురం నుంచి భీమిలి దాకా గాలిలోనే ఉప్పుంది. ఇనుముకి ఇంతకన్నా పెద్ద శత్రువు లేదు. అయినా ఉప్పుగాలి ఇరవై ఏళ్లలో చెయ్యలేని నష్టం గరుకు కాగితంతో కుర్రవాడు ఒక్క ఆదివారం చేసేస్తాడు. పాత ఇనుము మీద పట్టిన గోధుమరంగు పొర తుప్పు కాదు, దాని వయసు. అది గీకితే ముద్రలు అరుగుతాయి, ధర సగానికి పడుతుంది. లేచిపోతున్న ఎర్రతుప్పుని మాత్రం పలచటి మెషిన్ ఆయిల్‌లో నానిన గుడ్డతో రోజుల తరబడి ఓపిగ్గా తుడవండి. చెక్కకి అవిసె నూనె వేలికొసతో రాస్తే చాలు. చెమట చేతులతో ముట్టుకోకండి, నూలు తొడుగులు వేసుకోండి. తోలు సంచిలోనో, ముఖమల్ పెట్టెలోనో దాచితే చెమ్మ అక్కడే నిలిచిపోతుంది.

2014లో హుద్‌హుద్ తుపాను వచ్చింది, 2018లో తిత్లీ పలాస వైపు విరుచుకుపడింది. రెండూ అక్టోబర్ రెండోవారమే, దసరా దగ్గరి రోజులే. అందుకే దసరాకి ఆయుధపూజ చేసేవాళ్లకి నేను చెప్పేది, కుంకుమబొట్టు ఇనుము మీద కాకుండా పెట్టె మీద పెట్టండి, పూజయ్యాక నూనె రాసి అటకకీ నేలకీ మధ్య ఎత్తులో గోడకి దూరంగా పెట్టండి.

7. పేల్చాలన్న కోరిక చంపుకోండి

పాత గొట్టాలు నల్ల తుపాకిమందుకి చేసినవి. ఆధునిక మందు ఒత్తిడి వేరు, దాన్ని ఇవి తట్టుకోలేవు. గొట్టం చిట్లితే మొదట పోయేది ఎడమచెయ్యి, తర్వాత కన్ను. గురి కొట్టే సరదా ఉంటే రైఫిల్ క్లబ్బులో చేరండి.

8. కాగితం లేని తుపాకి సేకరణ కాదు, కేసు

1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ ప్రకారం, కాలం చెల్లిన నమూనాదో, పురాతన విలువ ఉన్నదో, పాడైపోయినదో అయి, మరమ్మతు చేసినా చెయ్యకపోయినా తుపాకిగా పనికిరానిదైతే ఆ చట్టం దానికి వర్తించదు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ క్యూరియోల (అపురూప వస్తువుల) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలు కొనడానికి, ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని చెప్పింది. పేల్చాలన్నా, వెంట తిప్పాలన్నా, ఒకచోట నుంచి ఇంకోచోటికి తరలించాలన్నా మాత్రం కావాలి. మీ తుపాకి ఏ కోవలోకి వస్తుందో తేల్చేది మీరు కాదు, అమ్మినవాడూ కాదు. కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అడగండి, జవాబు దాచుకోండి.

లైసెన్సు తుపాకులైతే 2019 సవరణ తర్వాత ఒకరికి రెండే, వారసత్వంగా వచ్చినా అంతే. లైసెన్సుదారు కాలం చేస్తే తుపాకిని అటక మీద ఉంచెయ్యకండి. స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకుని, వారసుల పేరిట దరఖాస్తు పెట్టండి. గడువు దాటితే అది ప్రభుత్వపరమవుతుంది. నూరేళ్లు దాటినదానికి 1972 పురావస్తువుల చట్టం కూడా ఉంది. విదేశంలో ఉన్న మనవడికి పంపించేద్దామనుకుంటే అది నేరం.

9. తుపాకికి అవతలివైపూ మనుషులున్నారు

1948 చట్టంతో జమీందారీలు పోయాయి, 1972 వన్యప్రాణి చట్టంతో వేట పోయింది, తుపాకులు అటకలెక్కాయి. ఆ ఇళ్లకి వెళ్లినప్పుడు కుర్చీలో కూర్చోకముందే ధర అడగకండి. వంశం గురించి, ఊరి గురించి మాట్లాడనివ్వండి. ఏజెన్సీలోకి వెళ్తే ఇంకో సంగతి గుర్తుండాలి. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల తుపాకి గుండ్లకి ఇద్దరు గిరిజనులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతి శ్రీకాకుళ పోరాటం అందరికీ తెలిసిందే. మనకి సరదా అయిన వస్తువు అక్కడి ముసలమ్మకి ఒక మనిషిని తీసుకుపోయిన వస్తువు. ఆ మాట వచ్చినప్పుడు నోట్‌బుక్ మూసి వినాలి.

10. మీ తర్వాత ఎవరికో ఇప్పుడే రాయండి

పిల్లలకి మోజు ఉంటే లైసెన్సు వ్యవహారం మీరుండగానే చూసుకోండి. లేకపోతే మ్యూజియంతో మాట్లాడండి. బొబ్బిలి కోటలో పాత ఆయుధాలు ప్రదర్శనకి పెట్టారు. హైదరాబాద్ సాలార్‌జంగ్‌లోనూ, చెన్నై ఎగ్మూర్‌లోనూ ఆయుధాల గ్యాలరీలున్నాయి. వాళ్లు మొదట అడిగేది తుపాకి కాదు, దాని వెంట ఉన్న కాగితాలు. అందుకని ఈ వారమే చెయ్యాల్సిన పనులు చెబుతాను. ముద్రలన్నిటికీ దగ్గరనుంచి ఫొటోలు తియ్యండి. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే కథ తేదీ వేసి రాసి, వాళ్ల చేత సంతకం పెట్టించండి. లైసెన్సు, రసీదుల నకళ్లతో కలిపి చెదలు పట్టని ఇనప్పెట్టెలో పెట్టండి. ఆ పెట్టె ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి చెప్పండి.